ఉన్నది ఉన్నట్టు

మా మేనత్తకు "మా" అనే మాటకు నోరు తిరిగేది కాదు. అన్నిటికీ "మన" అనేది. పక్కింటివాళ్ళ గేదె ఈనితే మన గేదె ఈనింది అనేది. బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాళ్ళను పట్టుకుని మన బస్సు వెళ్ళిపోయిందా అని అడిగేది. ఒకసారి ఆస్పత్రిలో డాక్టరుగారినే, ఆయన భార్య గురించి, "మన అమ్మాయి ఎలా ఉంది బాబూ" అని అడిగితే ఆయన మందుల చీటీ రాయడం ఆపేసి కాసేపు ఆలోచనలో పడ్డాడట. ఆఖరికి తన కోళ్ళగూడు ఖాళీ అయిన రోజు కూడా, "ఇంకెవడు, మన దొంగోడే" అంది. మా ఇంట్లో ఏళ్ళ తరబడి దాన్ని తలుచుకుని నవ్వుకున్నాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. కాబట్టి ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంటుందని అందరికంటే ముందు తెలియాల్సింది కూడా నాకే. తెలిసింది కూడా. తెలియక చేశానని మాత్రం ఎక్కడా చెప్పుకోను.

మా ఊరి పక్క గుట్టలో ఖనిజం ఉందని తేలేదాకా ఎవరి హద్దు ఎక్కడో ఎవరికీ పెద్దగా పట్టేది కాదు. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకునేవాళ్ళు. రెండు రాళ్ళు పాతేవాళ్ళు. వానకు రాయి ఒరిగితే ఎవరికి తీరిక దొరికితే వాళ్ళు సరిచేసేవాళ్ళు. గని వచ్చాక ఆ రాళ్ళకు కాళ్ళొచ్చాయి. ఇరవై ఏళ్ళు ఒక పొయ్యి మీద వండుకు తిన్నవాళ్ళు టేపులు పట్టుకుని ఒకరి వెనక ఒకరు తిరిగారు. ముగ్గురికి తలలు పగిలాయి. అప్పుడు గనివాళ్ళే పెద్దమనసు చేసుకుని, తగవులు తీరుస్తామని ఒక కార్యాలయం తెరిచారు. తగవు తెచ్చినవాళ్ళే తీరుస్తామంటే నవ్వు రావాలి. మా ఊళ్ళో ఒక్కరూ నవ్వలేదు, అందరూ అర్జీలు రాయించుకునే తొందరలో ఉన్నారు.

భూవివాదాల పరిష్కార కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పాత ఎరువుల గోదాము. ఎన్ని సున్నాలు కొట్టినా వాన పడితే ఎరువు వాసన బయటికొచ్చేది. పొడుగాటి బల్ల, ఇటు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, అటు అధికారిగారి తిరిగే కుర్చీ, పక్కన నా స్టూలు. గోడ మీద ఎర్రటి అక్షరాలతో బోర్డు: మీ మాట, మీ మాటల్లోనే. ఆ బోర్డుకు ప్రాణం పోసేవాణ్ణి నేను. వాంగ్మూలాలు రాయడం నా ఉద్యోగం. ఎదుటి మనిషి నోట్లోంచి ఏది వస్తే అది రాయాలి, నా తెలివి కలపకూడదు. ఆ పనిలో నాకు మహా గర్వం. ఒకాయన మాట మధ్యలో తుమ్మితే "తుమ్మెను" అని కూడా రాశాను. అధికారిగారు దాన్ని పదిమందికి చూపించి మెచ్చుకున్నారు.

రూళ్ళ పుస్తకం పలచటిది. నిజానికి అందులో పనికొచ్చేవి రెండే రూళ్ళు. భూమి ఒక్కరిదే అయితే, ఆ ఒక్కరు ఇవ్వనంటే గని దాన్ని వదిలేసి పక్కనుంచి పోవాలి. భూమి ఉమ్మడిది అయితే, వాటాదారుల్లో ఏ ఒక్కరు సరేనన్నా చాలు, తీసుకోవచ్చు. మరి ఒక్కరిదా, ఉమ్మడిదా అనేది ఎలా తేలుతుంది? కాగితాలు ఎవరి దగ్గరా సరిగా లేవు. అందుకని మనుషుల నోటిమాటే సాక్ష్యం. ఆ నోటిమాట నా కలంలోంచి రావాలి. మాటలో అనుమానం ఉంటే రాసేవాడు ఒక్క ప్రశ్న అడగవచ్చునని పుస్తకం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పేజీ మా కార్యాలయంలో చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

అత్తకు రెండెకరాల పొలం ఉంది. ఒక బావి, నాలుగు మళ్ళ కూరగాయలు, మిగతాది మెట్ట. మామయ్య, ఆయన తమ్ముడు తాపీమేస్త్రీ ఇరవై రెండేళ్ళ కిందట నోటిమాటతో పంచుకున్నారు. మేస్త్రీ తన వాటా ఎప్పుడో అమ్ముకుని ఇళ్ళు కట్టే పనిలో పడ్డాడు. మామయ్య పోయాక అత్త ఒక్కతే ఆ బావి మీద బతికింది. గనిలో తవ్విన పనికిరాని మట్టి పోయడానికి సరిగ్గా ఆ రెండెకరాలే కావాల్సి వచ్చాయి. అత్త ఇవ్వనంది. వారం తిరక్కుండా మేస్త్రీ అర్జీ పెట్టాడు: అసలు మేము పంచుకోనే లేదు, అది ఉమ్మడి పొలం, నాకు సమ్మతమే అని. అతనికి గనివాళ్ళ ఇళ్ళ కాలనీలో నలభై గదులు కట్టే పని వచ్చిందని అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన విషయాలు రాయడానికి మా కాగితంలో గడి లేదు.

ఆ రోజు అత్త ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. నన్ను స్టూలు మీద చూడగానే ముఖం విప్పారింది.

"మనవాడే రాస్తున్నాడా. అయితే ఇంక నాకు బెంగ లేదు" అంది.

"కూర్చోండమ్మా, మన ఆఫీసే అనుకోండి" అన్నారు అధికారిగారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. కోపం వస్తే ఇంకా మెత్తగా మాట్లాడతారు. కాగితం కప్పులో టీ తెప్పించారు. మేస్త్రీ పక్క కుర్చీలో కూర్చుని తన అరచేతుల్లో ఎండిన సిమెంటు గిల్లుకుంటున్నాడు.

"చెప్పండమ్మా. ఆ పొలం ఎవరిది?"

అత్తకు ప్రశ్న వింతగా తోచింది. "అదేంటి బాబూ, అలా అడుగుతారు. మన పొలమే కదా."

మేస్త్రీ గిల్లుకోవడం ఆపాడు. అధికారిగారు నావైపు తిరిగారు. నా కలం "మన" దగ్గర ఆగి ఉంది. ఒక్క ప్రశ్న. "మన అంటే ఎవరిదత్తా?" అని అడిగితే, "ఎవరిదేంట్రా, నాది" అనేది. అంతటితో తగవు తీరేది. ఆ పొలం పక్కనుంచి లారీలు పోయేవి.

నా ఉద్యోగం అప్పటికి ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగం. పర్మనెంటు చేసే జాబితాలో నా పేరు మూడోది. ఈ తగవు నెలాఖరులోగా తెమలాలని పైనుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ఇవన్నీ నాకు సాకులుగా పనికొస్తాయని చెప్పడం లేదు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నవి ఇవీ అని చెబుతున్నాను, ఉన్నది ఉన్నట్టు రాయడమే కదా నా పని.

"రాశావా?" అన్నారు అధికారిగారు, చాలా మెత్తగా.

"రాశానండి" అన్నాను.

"ఇవ్వడం మీకు ఇష్టమేనా అమ్మా?"

"ఎలా ఇస్తాను బాబూ? దాని మీదే బతుకుతున్నాను. ప్రాణం పోయినా ఇవ్వను."

అది కూడా రాశాను. అక్షరం పొల్లుపోకుండా రాశాను. తర్వాత మేస్త్రీ వంతు. "ఉమ్మడిదే. వదిన కూడా అదే అంది కదా. నాకు సమ్మతమే" అన్నాడు, కళ్ళెత్తకుండా.

అత్త అతని వైపు జాలిగా చూసింది. "ఏం సమ్మతమో ఏమో. వీడికి చిన్నప్పట్నుంచీ ఇంతే, ఎవరేమంటే దానికి తలూపుతాడు" అంది. తను ఏమందో తనకు ఇంకా తెలియదు.

రూలు ప్రకారం చదివి వినిపించాను. మన పొలమే కదా అన్నచోట గొంతు ఎక్కడా తడబడలేదు. అత్త చదువుతున్నంతసేపూ తలూపింది. చివర్లో, "అచ్చం నేను మాట్లాడినట్టే ఉంది. ఏం రాశావురా" అంది. నీలం సిరా మెత్త ముందుకు జరిపాను. వేలిముద్ర వేసింది. సిరా అంటిన వేలు చీరకు తుడుచుకోబోతుంటే నా జేబురుమాలు తీసి నేనే తుడిచాను. ఇస్త్రీ చీర పాడవుతుందని.

"నువ్వు ఉన్నావు కాబట్టి జంకు లేకుండా మాట్లాడానురా" అంది, వెళ్తూ వెళ్తూ.

పదకొండో రోజున తీర్పు కాగితం ఆమె ఇంటికి చేరింది. చదివిపెట్టమని ఎవరి దగ్గరికి వెళ్ళాలి, నా దగ్గరికే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ, కార్యాలయంలో ఎవరూ లేరు. కాగితం బల్ల మీద పరిచి, ఉమ్మడి భూమి అని తేలింది, మరిది సమ్మతించాడు, పొలం వెళ్ళిపోయింది అని చెప్పాను. ఆమె వాదించలేదు.

"ఉమ్మడి అని ఎవరు చెప్పారు?" అంది.

"నువ్వే చెప్పావత్తా."

"ఎప్పుడు?"

ఫైలు తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టాను. చదివాను. ఆమెకు చదువు రాదు. అయినా నా వేలు ఉన్నచోట వంగి, ఆ రెండక్షరాలనూ చాలాసేపు చూసింది.

"ఇదేనా ఆ మాట?"

"అదే."

"ఈ ఒక్కదానికేనా?"

"ఆ ఒక్కదానికే. మాది అనో నాది అనో అని ఉంటే పొలం నీకుండేది. రూలు అలా ఉంది. నేనేం చేస్తాను, నువ్వన్నదే రాశాను."

"అవును. నేనన్నదే రాశావు" అంది. "నేనెలా మాట్లాడతానో నీకు తెలియదట్రా?" అని అడిగింది.

ఆమె కోపంగా అడిగి ఉంటే నేనూ కోపంగా ఏదో ఒకటి అనేసేవాణ్ణి. మామూలుగా అడిగింది. ఫైలు మూసి బీరువాలో పెట్టేసి, తాళం వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశాను. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

బావిని పూడ్చడానికి రెండు లారీల మట్టి సరిపోయింది. కూరగాయల మళ్ళ మీద ఇప్పుడు మూడు తాటిచెట్ల ఎత్తున ఎర్రమట్టి గుట్ట ఉంది. గాలి వీస్తే ఊరంతా ఆ దుమ్మే. బావి పూడ్చిన వారమే నా ఉద్యోగం పర్మనెంటు అయింది. అధికారిగారు నా భుజం తట్టి, "మన కుర్రాడు పైకొచ్చాడు" అన్నారు. నాకు నలభై మూడేళ్ళు.

అత్తకు కాలనీలో గది ఇచ్చారు, మూడో వరసలో పద్నాలుగోది. మేస్త్రీ కట్టిన గదుల్లో అదొకటి. అక్కడికి వెళ్ళాక ఆమె మాట మారిందని ముందు మా ఆవిడ చెప్పింది. నమ్మలేదు. ఒకరోజు కాలనీ కుళాయి దగ్గర నా చెవులతో విన్నాను. "మీ బిందె తీయండి. ఇది మా బిందె" అంటోంది. పక్కావిడ బిడ్డను ఎత్తుకుని "మీ పాప ముద్దుగా ఉందండీ" అంటోంది. నన్ను చూసింది.

"మీరా. రండి. మా గదిలో కూర్చోడానికి చోటు లేదు" అంది.

మా అత్త నన్ను మీరు అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. మా అమ్మ ఆమెకు వదిన, ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకుని కబుర్లు చెప్పుకున్నవాళ్ళు. "మీ అమ్మగారు బాగున్నారా?" అని అడిగింది. "మీ ఊళ్ళో వానలు పడుతున్నాయా?" అని కూడా అడిగింది. కాలనీకీ ఊరికీ మధ్య దూరం అర కిలోమీటరు. తిట్టినా బాగుండేది. ఎనిమిది నెలలు వారం వారం వెళ్ళాను, ఏదో ఒకటి చేతిలో పట్టుకుని. ఒక్కసారి ఆమె నోట "మనవాడు" అని వినాలని వెళ్ళాను. తెచ్చింది తీసుకుని గడప దగ్గరే "వెళ్ళిరండీ" అనేది.

ఆ తర్వాత గనివాళ్ళకు వెడల్పాటి లారీల దారి కావాల్సి వచ్చింది. గీత గీస్తే అది మా ఇంటి నడిమధ్య నుంచి వెళ్ళింది.

ఇక్కడ మా ఇంటి గురించి చెప్పాలి. అమ్మకు చూపు పోయి ఆరేళ్ళు. ఆ ఇంట్లో మాత్రం ఆమె గుడ్డిది కాదు. గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్తుంది, పదకొండు అడుగులు లెక్కపెట్టి పెరట్లోకి వెళ్తుంది, తన బట్టలు తనే ఉతుక్కుంటుంది. ఇంకో ఇంట్లో పెడితే మంచం దిగలేదు. నెలరోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూశాను, చెయ్యి ఎటు చాపినా ఖాళీ తగిలి ఏడ్చేది. అందుకని ఇల్లు ఇవ్వనని రాసిచ్చాను. నా ఇల్లు నాదే అయితే దారి వంపు తిరిగి పోవాల్సిందే, రూలు నాకు కంఠతా వచ్చు. చిక్కల్లా కాగితం మా తాత పేరున ఉండటం. ఆయనకు ఇద్దరు పిల్లలు, మా నాన్న, అత్త. అత్త పెళ్ళప్పుడే ఇల్లు అన్నయ్యకు వదిలేసింది. అదీ నోటిమాటే. ఇల్లు నా ఒక్కడిదే అని చెప్పడానికి తాత పిల్లల్లో ఇక బతికున్నది ఆమె ఒక్కతే.

పద్నాలుగో గదికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడే చెప్పాను, సిగ్గు చంపుకుని.

"ఒక్క మాట చాలత్తా. ఇల్లు ఎవరిది అని అడుగుతారు. 'వాడిదే' అను. అంతే. ఇంకేమీ చెప్పొద్దు. అమ్మ కోసం."

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "అడిగిందానికి జవాబు చెప్పాలి, అంతేనా?"

"అంతే."

"అలాగేనండీ. వస్తాను" అంది. చేట పక్కన పెట్టి, "మీ అమ్మగారికి చెప్పండి, నేను వస్తున్నానని" అంది. ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వింది. "అది నా ఆడబిడ్డరా. నన్ను వీధిలో పడెయ్యదు" అంది.

నా తగవులో నేనే రాయకూడదు కాబట్టి ఆ రోజు రాయడానికి పదవీ విరమణ చేసిన బడి పంతులమ్మను పిలిపించారు. గుండ్రటి అక్షరాలు ఆవిడవి. నా స్టూలు మీద ఆవిడ, ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఆ వైపు నుంచి చూస్తే బల్ల ఇంత ఎత్తుగా ఉంటుందని నాకు తెలియదు. అత్త అదే ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కాగితం కప్పులో టీ వచ్చింది.

"చెప్పండమ్మా. ఆ ఇల్లు ఎవరిది?" అన్నారు అధికారిగారు.

అత్త నావైపు తిరిగింది. కళ్ళు విప్పారాయి. ఎనిమిది నెలలుగా నేను ఎదురుచూసిన ముఖం అది.

"అదేంటి బాబూ, అలా అడుగుతారు. మన ఇల్లే కదా" అంది. "కదరా అబ్బాయ్?"

పంతులమ్మ కలం కాగితం మీద ఆగింది. ఆవిడ నన్ను చూసింది, తర్వాత అధికారిగారిని చూసింది. చివరి పేజీ, చిన్న అక్షరాలు, ఒక్క ప్రశ్న. ఆవిడకు ఆ పుస్తకం ఇచ్చింది నేనే. తీరిక దొరికినప్పుడు చదువుకోండి అని ఇచ్చాను.

"రాశారా?" అన్నారు అధికారిగారు, చాలా మెత్తగా.

"రాశానండి."

"ఆ ఇల్లు దారికి ఇవ్వడం మీకు సమ్మతమేనా అమ్మా?"

"నాదేముంది బాబూ. మన ఆఫీసువాళ్ళు ఎలా అంటే అలాగే."

"అత్తా" అన్నాను. "అమ్మ."

"మన వదినేగా. నా గదిలో ఉంటుందిలే, ఇద్దరం సర్దుకుంటాం. గోడలు చిన్నవి, తొందరగానే అలవాటవుతాయి" అంది. కొట్టినట్టు అనలేదు. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెడుతూ మాట్లాడిన గొంతుతోనే అంది. ఆమె కావాలని అందో, పాత నాలుక తిరిగొచ్చి అందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే ఆమె నాకు వేసిన శిక్ష అనుకుంటాను. నేను అడగగలిగిన ప్రశ్న ఒక్కటే ఉంది, నీకు తెలియదా అని; అది ఆమె తీర్పు కాగితం తెచ్చిన రోజే నన్ను అడిగేసింది.

పంతులమ్మ చదివి వినిపించింది. అత్త చివరిదాకా తలూపుతూ విని, నావైపు వంగింది.

"అక్షరం పొల్లుపోలేదు. నీ అంత కాదుగానీ, బాగానే రాసిందిరా" అంది.

సిరా మెత్త జరిపారు. వేలిముద్ర వేసింది. తర్వాత ఆ వేలు గాల్లో అలాగే పట్టుకుని, చెయ్యి నావైపు చాపి ఆగింది. ఇస్త్రీ చీర. అందరూ చూస్తున్నారు. నేను జేబులోంచి రుమాలు తీశాను.